పడవకీ గట్టుకీ నడుమ జానెడు సందు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కిందటిసారి బోట్లకి తాళ్లు కట్టడం గురించి నాలుగు ముక్కలు రాశాను. తాళ్ల సంగతి వదిలేసి అందరూ జెట్టీకి వేలాడదీసే టైర్ల గురించి అడిగారు. విశాఖలో జెట్టీలకి రబ్బరు (పడవ గట్టుకి కొట్టుకోకుండా ఆపే ఈ అడ్డునే ఫెండర్ అంటారు) బిగించడం, ఊడిపోయిన రబ్బరు మళ్లీ బిగించడం, ఈ రెండు పనులతోనే నాకు ముప్పై ఏళ్లు గడిచాయి. ఇప్పుడు రిటైరై వన్‌టౌన్‌లో మా అరుగు మీద కూర్చుని ఉత్తరాలు చదువుతున్నాను. వాటిలో ఒకటి చదివాక మిగతావి కాసేపు పక్కన పెట్టాను. ముందు అదే.

ప్రశ్న: మాది 11 మీటర్ల ఫైబర్ బోటు. 30 మందిని ఎక్కించుకుని తిప్పుతాం. జెట్టీ కాంక్రీటుది, దానికి పాత లారీ టైర్లు వేలాడదీశాం. పాటు సమయంలో నీళ్లు దిగినప్పుడు బోటు అంచుపట్టీ (పక్కన పొడవునా బయటికి పొడుచుకొచ్చే పట్టీ) టైరు కిందికి దూరిపోతోంది. మొన్న ఆదివారం ఒక పెద్దావిడ దిగబోతుంటే కాలు సందులోకి జారింది. మోకాలు గీసుకుపోయింది, అంతటితో పోయింది. ఓడలకి వాడి తీసేసిన పెద్ద రబ్బరు ఫెండర్లు స్క్రాప్‌లో చవగ్గా వస్తున్నాయి. అవి బిగిస్తే సరిపోతుందా?
– ఒక బోటు యజమాని, భీమిలి

జవాబు: ఆ స్క్రాప్ ఫెండర్లు కొనకండి. కారణాలు తర్వాత చెప్తాను. ఇది మీకు చేరేలోపే అడ్వాన్స్ ఇచ్చేస్తారేమోనని నా టెన్షన్.

మీ బోటు ఒక ఏడు టన్నులు ఉంటుందనుకుందాం. 30 మంది ఎక్కితే ఇంకో రెండు టన్నులు. మొత్తం 9 టన్నులు. సరంగు (బోటు నడిపేవాడు) నెమ్మదిగానే తెచ్చాడు, సెకనుకి 30 సెంటీమీటర్ల వేగంతో వచ్చి తగిలింది. మనిషి మామూలు నడకలో అది నాలుగో వంతు కూడా కాదు. ఆ దెబ్బలో ఉండే శక్తి సుమారు 400 జౌళ్లు. బోటుతోపాటు చుట్టూ ఉన్న నీళ్లు కూడా తోసుకొస్తాయి కాబట్టి కొంత కలపాలి. ముక్కు వైపు ముందు తగిలి బోటు తిరుగుతుంది కాబట్టి కొంత తీసేయాలి. మీలాంటి బోటుకి ఆ రెండూ ఇంచుమించు సరిపోతాయి. సరంగుకి చెయ్యి తిరగని రోజు, గాలి ఎక్కువైన రోజు ఉంటాయి కదా, అందుకని రెట్టింపు చేసి 800 అనుకోండి. 75 కిలోల బియ్యం బస్తాని నడుం ఎత్తు నుంచి వదిలేస్తే నేలకి తగిలే దెబ్బ అంత.

ఆ బస్తా పరుపు మీద పడిందా, గచ్చు మీద పడిందా అన్నదే ఫెండర్ కథంతా. ఫెండర్ 10 సెంటీమీటర్లు నొక్కుకుపోతూ ఆ దెబ్బని తీసుకుంటే బోటు మీద సగటున 800 కిలోల బరువు పెట్టినట్టు. రెండే సెంటీమీటర్లు నొక్కుకుంటే నాలుగు టన్నులు. అది మీ ఫైబర్ మీద పిడికెడంత చోట పడుతుంది. వేలాది టన్నుల ఓడ కోసం పోసిన రబ్బరు మీ 9 టన్నులకి కదలను కూడా కదలదు. మీ లెక్కలో అది నల్ల రంగు వేసిన బండరాయి. పైగా ఎండకీ గాలికీ ఏళ్ల తరబడి ఉన్న రబ్బరు ఇంకా గట్టిపడుతుంది. గోరు గుచ్చి చూడండి, పగుళ్లు వేలికి తెలుస్తాయి.

కొత్త ఫెండర్ కొన్నా కేటలాగ్‌లో ఒక మెలిక ఉంటుంది. మీటరు పొడవు రబ్బరు ఇంత శక్తి తీసుకుంటుందని రాస్తారు. మీ బోటు పట్టీ తగిలేది మీటరు మేర కాదు, జానెడు మేర. ఆ అంకెని ఆ జానెడుకి తగ్గించుకుని చూడండి. ఈ సంగతి షాపువాడు చెప్పడు. అతనికి తెలియకపోయి కూడా ఉండొచ్చు.

ఇక ఆ పెద్దావిడ కాలు. మీ ఉత్తరంలో అది ఐదో వాక్యంలో ఉంది. నా లెక్కలో మొదటి వాక్యం అదే కావాలి. లారీ టైరు మందం జానెడు దాటే ఉంటుంది. అంటే మీరు బోటుని జెట్టీకి ఎంత బిగించి కట్టినా మధ్యలో జానెడు పైన సందు ఉండి తీరుతుంది. పెద్దవాళ్ల పాదం వెడల్పు తొమ్మిది పది సెంటీమీటర్లు, పిల్లలది ఇంకా తక్కువ. బెత్తెడు సందులో పాదం పడుతుంది, జానెడు సందులో తొడ దాకా దిగుతుంది. ఆ క్షణంలో ఒక కెరటం వచ్చి 9 టన్నుల బోటుని జెట్టీ వైపు తోస్తే ఏమవుతుందో మీకు రాయక్కర్లేదు.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. బోటుకి దెబ్బ తగలకూడదంటే ఫెండర్ మెత్తగా, మందంగా ఉండాలి. మనిషి కాలు పడకూడదంటే సందు పాదం కన్నా సన్నగా ఉండాలి. ఈ రెండూ ఒకే రబ్బరు ముక్కతో కుదరవు. నేనూ పదేళ్లపాటు మధ్యేమార్గం కోసం వెతికాను, దొరకలేదు. దెబ్బ సంగతి ఫెండర్‌కి వదిలేయండి. సందు మీద పలక వేయండి.

పలక అంటే పెద్ద సంగతేమీ కాదు. గరుకు గీతలున్న అల్యూమినియం రేకు, వెడల్పు డెబ్బై సెంటీమీటర్లు, పొడవు కూడా అంతే. ఒక అంచు బోటు గుమ్మానికి కీళ్లతో బిగించి ఉంటుంది. రెండో అంచు జెట్టీ మెట్టు మీద ఊరికే ఆని ఉంటుంది, దేనికీ బిగించకూడదు. బోటు కెరటానికి లేచి దిగుతుంటే ఆ అంచు మెట్టు మీద అటూ ఇటూ జరుగుతుంది. జరగనివ్వాలి. కింద మూలలు గుండ్రంగా రాపించండి, లేకపోతే కాంక్రీటులో చిక్కుకుని కీలు ఊడుతుంది. అంచులకి పసుపు రంగు వేయండి. రెండు వైపులా చేతికి అందేలా తాడో పైపో ఉండాలి. పలక మీద ఎవరినీ నిలబడనివ్వొద్దు, సెల్ఫీల వాళ్లని అసలే వద్దు.

టైరు కింద పట్టీ చిక్కుకోవడం గురించి. మీరు మామూలుగా రాసేశారు కానీ అది కాలు జారడం కన్నా పెద్ద ప్రమాదం. పనిలో చేరిన కొత్తలో ఒక తెల్లవారుజామున చూశాను. ఒక చిన్న పని లాంచీని రాత్రి పాటు వేళ కట్టి వెళ్లారు. ఆ జెట్టీకి అడ్డంగా ఒక దుంగ బిగించి ఉంది. లాంచీ పట్టీ ఆ దుంగ కిందికి దూరింది. పోటు మొదలై నీళ్లు పెరుగుతున్నాయి, లాంచీ లేవాలి, లేవలేకపోతోంది. మేం వెళ్లేసరికి ఒక పక్క అణిగిపోయి, రెండో పక్క గాలిలోకి లేచి ఉంది. దుంగ బోల్టులు కిర్రు కిర్రుమంటున్నాయి. నీళ్లు అంచు దాటి లోపలికి రావడానికి నాలుగు వేళ్ల ఎడం ఉంది. మా మేస్త్రీ గట్టిగా అరిచి ఎనిమిది మందిని ఆ అణిగిన వైపే ఎక్కించాడు. మునిగిపోయేదాని మీదికి ఇంకా బరువెందుకని నాకు కాళ్లు వణికాయి. ఆ బరువుకి పట్టీ ఒక అంగుళం దిగి దుంగ నుంచి విడిపడింది. లాంచీ ఒక్క ఊపున లేచింది, మేమంతా ఒకరి మీద ఒకరం పడ్డాం. ఎవరిదో చెప్పు నీళ్లలో పోయింది.

దానికి మందు చాలా పాతది. బోటుకి పట్టీ అడ్డంగా ఉంటే జెట్టీకి ఫెండర్లు నిలువుగా ఉండాలి. నిలువు గుంజలు పాతి, వాటి ముఖానికి డీ ఆకారపు రబ్బరు బిగించండి. గుంజ అడుగు అన్నిటికన్నా తక్కువ పాటుకి నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అక్కడికి ఇంకో అర మీటరు కింద ఉండాలి. పైకొస ఎక్కువ పోటుకి మీ పట్టీ ఎక్కడుంటుందో అక్కడికి అర మీటరు పైన. అప్పుడు పట్టీ రోజంతా గుంజ మీద పైకీ కిందికీ పాకుతుంది తప్ప దేని కిందికీ దూరదు.

మన విశాఖ తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకీ పాటుకీ మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఇది అందరికీ తెలుసు. చాలామంది లెక్కలో పెట్టుకోనిది ఇంకోటి ఉంది. మన సముద్రం ఏడాదంతా ఒకే మట్టంలో ఉండదు. శివరాత్రి దాటాక మార్చి, ఏప్రిల్ రోజుల్లో సగటు మట్టమే దిగి ఉంటుంది, కార్తీకంలో పైకి వస్తుంది. ఏప్రిల్‌లో కొలిచి కట్టినవాడు నవంబరులో తిట్టుకుంటాడు. మీరు మీ స్తంభం మీద ఇప్పటి నుంచే గీతలు పెట్టండి. ప్రతి అమావాస్యకీ ఎక్కువ తక్కువలు రెండూ పెయింట్‌తో గుర్తు పెట్టుకుంటే చాలు.

గుంజలు ఎన్ని అంటే, మీ బోటుకి మూడు. ఎడం ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు. బోటు పక్క తిన్నగా ఉండే మధ్య భాగానికి ఎదురుగానే ఇవన్నీ రావాలి. ముక్కు వైపు (మా వాళ్లు అణియం అంటారు) పక్క వంపు తిరుగుతుంది కాబట్టి అక్కడ సందు పెరుగుతుంది. గుమ్మం అక్కడ పెట్టారంటే ఎన్ని ఫెండర్లు కట్టినా ప్రయోజనం లేదు. గుమ్మం ఎప్పుడూ రెండు గుంజల మధ్య.

బోల్టుల దగ్గర కక్కుర్తి పడకండి. స్టీల్ అంటే అన్నీ ఒకటి కావు. ఉప్పునీటికి 316 రకం తీసుకోండి, 304 కొన్నాళ్లకే గోధుమరంగు కన్నీళ్లు కారుస్తుంది. బోలు డీ రబ్బరు కొంటే దాని కడుపులో ఇనప బద్ద పెట్టి లోపలి నుంచి బోల్టు వేయొచ్చు, తల బయటికి రాదు. ముఖం మీదే బోల్టు కనపడేలా బిగించిన రబ్బరు ఏడాదిలో అరిగి, బోల్టు తల మీ ఫైబర్‌ని ఉలిలా చెక్కుతుంది. ఇలా చెక్కిన బోట్లకి నేను ప్యాచీలు వేశాను, కొన్నింటికి ఆ బోల్టులు బిగించింది కూడా నేనే.

ఇంకో చిన్న సంగతి. వట్టి రబ్బరు బోటుని పట్టుకుంటుంది. కెరటానికి బోటు లేస్తుంటే రబ్బరు పట్టుకుని, పట్టుకుని, చటుక్కున వదులుతుంది. ఆ కుదుపుకే నిలబడ్డ మనిషి తూలుతాడు. రబ్బరు ముఖం మీద గట్టి పాలిథిన్ పలక బిగిస్తే పట్టీ నున్నగా జారుతుంది. చికెన్ షాపుల్లో కోయడానికి వాడే తెల్ల ప్లాస్టిక్ మొద్దులు చూశారా, ఆ జాతిదే, ఇంకా గట్టిది.

తాళ్లు. ఎక్కించేటప్పుడు బోటు ముందుకీ వెనక్కీ జరగకుండా రెండు ఏటవాలు తాళ్లు ఉండాలి, ఒకటి ముక్కు నుంచి వెనక్కి, ఒకటి వెనక నుంచి ముందుకి. వీటినే స్ప్రింగ్ తాళ్లు అంటారు. పేరు స్ప్రింగ్ అయినా సాగకూడదు, అందుకే వీటికి నైలాన్ వద్దు, పాలిస్టర్ తీసుకోండి. నీటి వాలు ఎక్కువున్న రోజు సరంగులు ఒక పని చేస్తారు. ముక్కు నుంచి వెనక్కి వచ్చిన తాడు బిగించి, స్టీరింగు జెట్టీకి అవతలి వైపు తిప్పి, ఇంజను మెల్లగా ముందుకి వేస్తారు. తాడు ముందుకి పోనివ్వదు, వెనక భాగం వచ్చి గుంజలకి ఆనుకుంటుంది, బోటు అతికించినట్టు నిలబడుతుంది. బాగా పనిచేస్తుంది. కానీ కింద పంకా (ప్రొపెల్లర్) తిరుగుతూనే ఉంటుంది కాబట్టి నాకు అంత ఇష్టం లేదు. నీళ్లు నెమ్మదిగా ఉన్న రోజు నాలుగు తాళ్లు (ఈ రెండూ, ముక్కుకొకటి, వెనక్కొకటి) సరిగ్గా కట్టి ఇంజను న్యూట్రల్‌లో పెట్టుకోండి. ఎవరైనా నీళ్లలో పడితే మొదటి పని ఇంజను ఆపడం. ట్యూబు విసరడం రెండోది.

అన్నీ బిగించాక ఖాళీ బోటుతో, ఇద్దరు కళాసీలతో వచ్చి చూడండి. రబ్బరుకి సుద్ద ముక్క రాసి ఉంచితే పట్టీ ఎక్కడ తగిలిందో మచ్చ చెప్తుంది. పోటుకోసారి, పాటుకోసారి. మచ్చ గుంజ కొసన పడిందంటే గుంజ పొట్టిదని అర్థం.

డబ్బు ఉంటే పాంటూన్ (నీళ్ల మీద తేలే వేదిక) అన్నిటికన్నా మేలు. నీళ్లతోపాటు అదీ లేచి దిగుతుంది కాబట్టి బోటుకీ దానికీ ఎత్తు తేడా ఎప్పుడూ ఒకటే. చిక్కల్లా దాని మీదికి దిగే ర్యాంపుతో. చక్రాల కుర్చీ కూడా దిగాలంటే ఒక అడుగు దిగడానికి 12 అడుగుల పొడవు కావాలి. ఒకటిన్నర మీటరు తేడాకి 18 మీటర్ల ర్యాంపు. మీ జెట్టీ దగ్గర అంత చోటు ఉందో లేదో కొలిచి రాయండి, ఇంకోసారి మాట్లాడుకుందాం.

ప్రశ్న: ఫెండర్‌ని తెలుగులో ఏమంటారు?
– ఒక భాషాభిమాని, సీతమ్మధార

జవాబు: టైరు అంటారండి.

నిజంగానే. మా జెట్టీ మీద లక్షలు పోసి తెప్పించిన ఫెండర్ని కూడా కళాసీలు 'కొత్త టైరు' అనే పిలిచారు. టైర్లు రాకముందు కొబ్బరి పీచు మోకుని దిండులా అల్లి పడవ పక్కన వేలాడదీసేవారు. పీచు ఉప్పునీటికి చీకదు, నొక్కితే నొక్కుకుంటుంది. కావలిస్తే 'ఒరుపు దిండు' అని మీరే ఒక పేరు పెట్టండి, వాడకంలోకి వస్తే నాకు రాయండి.

ప్రశ్న: నేను సివిల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. చిన్న జెట్టీ ఫెండర్ డిజైన్ ప్రాజెక్టు ఇచ్చారు. ఓడల ఫెండర్ల సూత్రాలే బోట్లకీ వాడొచ్చా? ఏ కోడ్ చూడాలి?
– ఒక విద్యార్థిని, మధురవాడ

జవాబు: సూత్రం అదేనమ్మా, సగం బరువు ఇంటూ వేగం వర్గం. నీ గైడ్ కోడ్ పేరు అడిగితే మన భారతీయ ప్రమాణం ఐఎస్ 4651 మూడో భాగం చెప్పు. ప్రపంచమంతా చూసేది పియాంక్ అనే సంస్థ మార్గదర్శకాలు. 2002 నాటివి చాలాకాలం నడిచాయి, 2024లో కొత్తవి వచ్చాయి. లైబ్రరీలో పాతవి ఇస్తే సరేనని తెచ్చుకో, కానీ కొత్తవి వచ్చాయని రిపోర్టులో రాయడం మర్చిపోకు. వైవాలో అదే అడుగుతారు.

సూత్రం ఒకటే అయినా మనసు పెట్టాల్సిన చోటు వేరు. 50,000 టన్నుల ఓడ సెకనుకి 10 సెంటీమీటర్ల వేగంతో ఆనితే 250 కిలోజౌళ్లు. పైన భీమిలి ఆయన బోటు 9 టన్నులు, 30 సెంటీమీటర్ల వేగం, 0.4 కిలోజౌలు. ఆరు వందల రెట్లు తేడా. ఓడకి బరువు ఎక్కువ, వేగం తక్కువ, పక్కన టగ్గులు (ఓడని తోసే చిన్న లాంచీలు), మీద పైలట్ (రేవులోకి దారి చూపే నావికుడు). 1933లో తెరిచిన మన ఇన్నర్ హార్బర్‌నే చూడు, డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున కాలువలోంచి లోపలికి వెళ్లాక నీళ్లు చెరువులా ఉంటాయి. చిన్న బోటుకి ఈ భోగాలేవీ లేవు. గాలి దాన్ని ఆకులా తోస్తుంది, సరంగు ఒక్కడే, రోజుకి పదిసార్లు కట్టాలి, విప్పాలి. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగు రెట్లు అవుతుంది కాబట్టి నీ డిజైన్‌లో అన్నిటికన్నా పెద్ద సందేహం వేగమే. బరువుని మూడు దశాంశాల దాకా లెక్కగట్టి, వేగాన్ని పుస్తకంలోంచి ఎత్తి రాసేవాళ్లని చాలామందిని చూశాను.

కొలవడం తేలిక. ఒక ఆదివారం రేవుకి వెళ్లు. జెట్టీ అంచున మీటరు కర్ర పట్టుకుని ఫోన్‌లో వీడియో తీయి. ఆఖరి మీటరు దాటడానికి బోటుకి ఎన్ని సెకన్లు పట్టిందో చూడు. ఇరవై బోట్లు తీస్తే నీ ప్రాజెక్టులో ఆ పట్టికే అందరూ చదువుతారు. అన్నట్టు, రుషికొండ వెళ్లకు. అక్కడ ఇసుక మీంచి ఎక్కిస్తారు, జెట్టీ లెక్క పనికిరాదు. కొండకర్ల ఆవ చెరువుకి కూడా వద్దు. తాటి మొద్దు దోనెలకి ఫెండర్ ఎందుకు, అవే ఫెండర్లు!

ప్రశ్న: ఐదో తరగతి పిల్లలు 40 మందిని బోటు షికారుకి తీసుకెళ్లాలనుకుంటున్నాం. ఎక్కేముందు అక్కడ జెట్టీ సరిగ్గా ఉందో లేదో మాలాంటివాళ్లం ఎలా తెలుసుకోవడం?
– ఒక టీచరమ్మ, అనకాపల్లి

జవాబు: ముందు రోజు ఒక్కరే వెళ్లి, టికెట్ కొనకుండా ఒడ్డున నిలబడి రెండు బోట్లు వచ్చి వెళ్లేదాకా చూడండమ్మా. బోటు ఆగేటప్పుడు కళాసీ ఏం చేస్తున్నాడో చూడండి. తాడు ముందు విసిరితే మంచి బోటు. కాలు చాపి జెట్టీని తన్ని ఆపుతున్నాడంటే అక్కడ ఫెండర్లు పనిచేయట్లేదని అర్థం, పిల్లల్ని తీసుకురావద్దు. తొమ్మిది టన్నుల్ని కాలితో ఆపడం ఎవడివల్లా కాదు. మా జెట్టీలో చేత్తో ఆపబోయి రెండు వేళ్లు పోగొట్టుకున్న కుర్రాడు ఒకడున్నాడు. ఆ తర్వాత కొత్తవాళ్లకి పని నేర్పేటప్పుడు ఏమీ చెప్పకుండా ఆ చెయ్యి చూపించేవాడు.

తర్వాత సందు చూడండి. మీ చెయ్యి చాపి జానతో కొలిస్తే చాలు. మధ్యలో పలక ఉందా, పలకకి పట్టుకునే తాడుందా. లైఫ్ జాకెట్లు ఎప్పుడు ఇస్తున్నారో చూడండి. బోటు ఎక్కి కూర్చున్నాక పంచిపెడుతుంటారు చాలాచోట్ల. నీళ్లలో పడేది ఎక్కువగా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. జాకెట్ ఒడ్డు మీదే వేసి, బకిల్ పెట్టాకే పిల్ల కాలు పలక మీద పడాలి. అది మీరే గట్టిగా అడగండి, మొహమాటపడొద్దు.

పిల్లలకి చెప్పాల్సినవి కొంచెమే. ఒక్కొక్కరే. సంచీ టీచర్‌కి ఇచ్చేయాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. బోటు పైకి లేచి వస్తున్నప్పుడు కాదు, కళాసీ 'రా' అన్నప్పుడే అడుగు. దూకకూడదు. చెయ్యి పట్టుకునేటప్పుడు వేళ్లు కాదు, ఆయన మణికట్టు మీరు, మీ మణికట్టు ఆయన, అప్పుడు తడి చేతులైనా జారవు. కూర్చున్నాక చేతులు బోటు అంచు బయటికి పెట్టకూడదు, ముఖ్యంగా బోటు గట్టుకి వచ్చేటప్పుడు. అందరూ దిగే వైపుకే ఒక్కసారి లేచి వచ్చేస్తే బోటు ఆ పక్కకి ఒరుగుతుంది. అందుకని పేరు పిలిచేదాకా లేవకూడదని ముందే చెప్పండి. మీరు క్లాసులో హాజరు పిలిచే గొంతుతో పిలవండి, వింటారు.

ప్రశ్న: హార్బర్‌లో మా బోట్లు పక్కపక్కనే నాలుగైదు వరసలు కట్టుకుంటాం. ఒకదాన్నొకటి కొట్టుకుని రంగు, చెక్క పోతున్నాయి. కొత్త రబ్బర్లు కొనే స్థోమత లేదు. టైర్లు కడితే తప్పా?
– ఒక మత్స్యకారుడు, జాలారిపేట

జవాబు: తప్పేమీ లేదు బాబూ. మీవి బరువైన బోట్లు, పైగా ఎక్కేవాళ్లు మీరే, కెరటం చూసుకుని అడుగేస్తారు. టూరిస్టు బోటుకి నేను వద్దన్నది మీకు వర్తించదు. కారు టైర్లు చిన్నవి, రెండు కలిపి కడితే బాగా నొక్కుకుంటాయి. అరిగిన టైరు లోపలి తీగలు బయటికి వచ్చి ఉంటే మాత్రం పారేయండి, అవి చెక్కనీ చేతినీ చీరేస్తాయి. గొలుసుతో కట్టొద్దు, తాడుతో కట్టండి. చిక్కుకుంటే కత్తి పెట్టి కోయగలగాలి. చిరిగిన వలలు ఉంటాయి కదా, వాటిని గట్టిగా చుట్టి బస్తాలో కుక్కి, పైన వలతోనే అల్లేస్తే అదీ మంచి దిండే. కాకపోతే తడిసి బరువెక్కుతుంది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు ఏ టైరూ ఆదుకోదు, ఎడం ఎడంగా కట్టుకోవడమే మార్గం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చి ఎలా కొట్టిందో నాకన్నా మీకే తెలుసు.

ఒక్కటి మర్చిపోకండి. టైరులో వాననీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయి. కట్టేముందు అంగుళం రంధ్రం ఒకటి వేయండి. రంధ్రం కింది వైపు ఉండేలా వేలాడదీయండి. నవ్వకండి, పైవైపు పెట్టి కట్టినవాళ్లని నేను చూశాను.